లప్పం పెట్టిన కానుక

మా చర్చిలో నేనిచ్చిన బెంచీ ఒకటుంది. పాట మొదలవగానే దానంతటదే ఊగుతూ తాళం వేస్తుంది. వడ్రంగిని కదా, ఏటా ఒక వస్తువు దేవుడికివ్వడం నా అలవాటు. కొనేవాడు వద్దన్నదే ఇవ్వడం కూడా నా అలవాటే. దేవుడేమైనా వచ్చి కూర్చుంటాడా అని నా ధీమా.

ఒక ఆదివారం పాస్టరుగారు ఇశ్రాయేలీయుల బలుల గురించి చెప్పారు. పూర్వం ఎవరైనా గొర్రెను తెస్తే యాజకుడు చెవి నుంచి గిట్ట దాకా తడిమి చూసేవాడట. గుడ్డిదైనా కుంటిదైనా వెనక్కి తోలుకుపొమ్మనేవాడట.

"ఇప్పుడు మనం గొర్రెల్ని తేనక్కర్లేదు," అన్నారాయన. హమ్మయ్య అనుకున్నాను. "క్రీస్తు తన్ను తానే ఇచ్చుకున్నాడు. అంత ఇచ్చినవాడికి మనమేమో ఇంట్లో కాళ్లకడ్డం పడేవి తెచ్చిస్తున్నాం!" అంటూ బెంచీ వైపు చూశారు. అదేమో సమయం చూసి కిర్రుమంది.

ఆయన అంతటితో ఊరుకోలేదు. ఇకపై కానుకగా తెచ్చే ప్రతి వస్తువునూ గుమ్మం దగ్గరే పరీక్షించాలన్నారు. ఆ పనికి ఎవర్ని పెట్టారనుకున్నారు? మా అత్తగారిని! ముప్పై ఏళ్లు చొక్కాల ఫ్యాక్టరీలో తప్పులు పట్టే ఉద్యోగం చేసిన మనిషి. కళ్లు మూసుకుని వేలితో రాస్తే చాలు, తప్పిన కుట్టు దొరికిపోవాల్సిందే. రెండు నెలల కిందటే ఆమెకు తుంటి ఆపరేషన్ అయింది. ఇంకోసారి పడితే లేవడం కష్టమని డాక్టరు మరీ మరీ చెప్పాడు.

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. కొట్లో వెనక కాలు నెర్రె విచ్చిన కుర్చీ ఒకటి పడి ఉంది. నెర్రెలో లప్పం కూరి, గరుకు కాగితంతో రుద్ది, రెండు పూతలు పాలిష్ పెట్టాను. పెళ్లికొడుకులా తయారైంది.

"ఏమండీ, మా అమ్మ కళ్లలో దుమ్ము కొడదామనా?" అంది నా భార్య.

"దుమ్ము కాదే, లప్పం," అన్నాను.

ఆదివారం అత్తగారు చేతికర్రతో గుమ్మం దగ్గర నిలబడింది. టీచరుగారి గోడ గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని విని, టిక్కుటిక్కు వినబడక వెనక్కిచ్చేసింది. దర్జీ తెచ్చిన గొడుగు తెరిచి, అందులోంచి ఆకాశం చూసి, "మబ్బు పట్టింది బాబూ, నువ్వే ఉంచుకో," అంది. తర్వాత నా కుర్చీని పైనుంచి కిందదాకా తడిమింది. వెనక కాలు దగ్గర వేలు ఆగింది. నా ఊపిరీ ఆగింది.

"బాగుంది అల్లుడుగారూ. ఏ వంకా లేదు," అంది.

నేను లోలోపల చంకలు గుద్దుకుంటుండగానే ఆమె చేతికర్రను గోడకు ఆనించింది. "పొద్దుట్నుంచి నిలబడే ఉన్నా. దీంట్లో ముందు నేనే కూర్చుంటా," అని కుర్చీకి వీపు తిప్పింది.

చుట్టూ ఇరవై మంది ఉన్నారు. చెబితే పరువు గంగలో కలుస్తుంది. నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో కూడా పరువు గురించే ఆలోచించాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆమె మోకాళ్లు వంగాయి.

"అత్తయ్యా, వద్దు!" ఒక చేత్తో ఆమె భుజం పట్టుకుని, రెండో చేత్తో కుర్చీని పక్కకు లాగేశాను. "దీని కాలు నెర్రె విచ్చింది. లప్పం పెట్టి తెచ్చా."

ఎవరూ నమ్మినట్టు కనబడలేదు. నమ్మించడానికి నేనే అందులో కూర్చున్నాను. కాలు ఫట్‌మంది. వెల్లకిలా పడ్డాను.

చర్చంతా నవ్వింది. పాస్టరుగారైతే కళ్లు తుడుచుకున్నారు. అత్తగారు మాత్రం నవ్వలేదు.

"లప్పం నా వేలికి తగిలింది అల్లుడుగారూ."

"మరి తెలిసి తెలిసి కూర్చోబోయారేంటి?"

"చెబుతారో లేదో చూద్దామని."

"చెప్పకపోయుంటే?"

"కూర్చునేదాన్నే."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. పదేళ్లుగా ఆమె వండింది తింటున్నాను. ఆమె ఎంత ఎత్తు కుర్చీలో సుఖంగా కూర్చోగలదో ఒక్కనాడూ అడగలేదు. లేవకుండానే జేబులోంచి టేపు తీసి, ఆమె మడమ నుంచి మోకాలి దాకా కొలిచాను.

"పదిహేడు అంగుళాలు," అన్నాను.

"కుర్చీ చర్చికా, అత్తగారికా?" అని ఆట పట్టించారు పాస్టరుగారు.

"ఆమె కూర్చునేది ఇక్కడే కదండీ," అన్నాను.

"పదిహేడున్నర ఉంటుంది," అంది అత్తగారు. "సరిగ్గా కొలవండి."

మళ్లీ కొలిచాను. పదిహేడున్నరే.