పూస పేరిట పిండం

పిలుపందుకొన్న మనిషి ఎదుటనే మౌనంగా నిలిచి ఉండగా, ఆమెకు బదులు ఇల్లు పలకడం నేను చెవులారా విన్నాను.

జాగీర్లు రద్దయి అయిదారేళ్ళు గడిచిన కాలమది. ధర్మపురిలో నరసింహస్వామి అర్చన ముగించుకొని గోదావరి మెట్ల మీదికి వచ్చేసరికి, ఎగువ ఊరి దొరల గడి నుంచి అంతయ్య వచ్చి దూరంగా నిలుచున్నాడు. తండ్రి నాటి నుంచి ఆ గడికి వెట్టి పడవ నడిపేది అతడే. సర్కారు మారినా అతని తెడ్డు మారలేదు.

"అయ్యగారూ, దొరసాని మిమ్ముల తోల్కరమ్మన్నది. రేపు చిన్నదొరసాని లగ్గం గదా. గంతల్నే ఏదో శాంతి చెయ్యాల్నట."

"పెండ్లింట శాంతి ఏమిటికి అంతయ్యా?"

"ఇల్లు పలుకుతున్నది."

నేను నవ్వాను. "గడి గోడలకు నోరుంటే ఇన్నేండ్లు ఊకుంటుండెనా?"

అంతయ్య నవ్వలేదు. "జర వచ్చి ఇనున్రి అయ్యగారూ. అటెనుక నవ్వున్రి."

ఆ గడి నాకు కొత్త కాదు. దాస్యంలో పడిన తల్లిని కొడుకు విడిపించుకొన్న పురాణకథను ఒకప్పుడు అక్కడే చదివి వినిపించాను. ఆ తల్లి కోసం దొరసాని కళ్ళు తుడుచుకొన్నది. ఆమె వెనుక నిలిచి ఒక పిల్ల, చేయి మార్చకుండా, విసనకర్ర వీస్తూనే ఉన్నది.

దొరసాని లోపలి చావడిలో పీట మీద కూర్చొని ఉన్నది. భర్త పోయి రెండేళ్ళు. అయినా గొంతులో అధికారం తగ్గలేదు. ముంగిట పందిరి వేశారు. పసుపు దంచుతున్న వాసన వస్తున్నది. ఆమె ఎదుట ఇత్తడి చెంబు పట్టుకొని ఆనాటి విసనకర్ర పిల్లయే నిలుచున్నది. ఇప్పుడు నిండు యువతి. మెడలో నల్లదారం, దానికి ఇత్తడి పూస ఒక్కటి.

"ఇనున్రి అయ్యగారూ," అని దొరసాని ఆ యువతి ముఖంలోకే చూస్తూ పిలిచింది. "పూసా!"

యువతి పెదవులు కదలలేదు.

"ఆఁ, బాంచెన్!"

ఆ మాట చావడి వెనుక ధాన్యపుటర లోపలి నుంచి వచ్చింది. బయట గొళ్ళెం, గొళ్ళేనికి తాళం వేసి ఉన్నాయి. తడిసిన బట్ట పిండినప్పుడు వినవచ్చే చప్పుడు ఆ గొంతులో ఉన్నది. మరుక్షణమే పెరటి బావి వైపు నుంచి ఇంకొక గొంతు, అంతకంటె సన్నగా, "వస్తున్న బాంచెన్!" అన్నది. నా చేతిలోని జపమాల నాకు తెలియకుండానే ఆగిపోయింది.

"ఎప్పటి నించి?"

"దాని బిడ్డ మెడ కొలిచిన నాటి నించి," అన్నది దొరసాని.

అప్పుడు చూశాను. పూజగది తలుపు కొక్కేనికి చిన్న నల్లదారమొకటి వ్రేలాడుతున్నది. నా బొటనవ్రేలికీ చూపుడువ్రేలికీ మధ్య పట్టేంత మెడకు సరిపోయే దారం.

ఆ ఇంటి ఆచారం ఇది. ఆడపిల్లను అత్తవారింటికి పంపునప్పుడు నగలూ పశువులతో పాటు ఒక ఆడబాపనూ పంపుతారు. ఆడబాప అంటే పెండ్లికూతురి వెంట బ్రతుకంతా ఊడిగానికి పోయే పిల్ల. చాలా గడులలో ఉన్న మాటే. ఈ ఇంట మాత్రం ఆ పిల్ల మెడలో ఇత్తడి పూస కట్టి, ఆనాటి నుంచి పూస అని పిలుస్తారు. ఆ పిల్ల చనిపోతే పాడె మీద పెట్టకముందే పూసను తెంపి మరొక పిల్లకు కడతారు. తల్లి నుంచి కూతురికి అందే పూస అది. ఈ దొరసాని కూడ పుట్టింటి నుంచి ఆ పూసతోనే వచ్చింది. రేపు కూతురి వెంట అది ఏరు దాటి, లక్షెట్టిపేట వైపున్న వియ్యాలవారి గడికి పోవలసి ఉన్నది. దానితో పాటు పోవలసినది ఈ యువతి కూతురు, అయిదేళ్ళది.

ఆ పసిది స్తంభం చాటు నుంచి నన్ను చూసింది. చనిపోయిన దొర పిల్లికళ్ళు దాని ముఖంలో ఉన్నాయి. అక్క వెంట చెల్లెలు బానిసగా పోతున్నదని ఆ గడిలో అందరికీ తెలుసు. తెలియనట్లుండడమూ అందరికీ తెలుసు.

"ఈ ఇంట పూసలెవరైనా పోయినారా దొరసానిగారూ?"

"ముగ్గురు పోయిన్రు. ఒగతి బాయిల దునికింది. ఒగతి కాన్పుల పోయింది. ఒగతి గింజలు దొంగిలించిందని గా అర్రల వేసి తాళం పెట్టిస్తిమి, తెరువ మరిసిపోయిన్రు." అన్నం మాడిందని చెప్పినట్లు చెప్పింది.

"వారి పేర్లు కావలె."

"పూస."

"తల్లి పెట్టిన పేర్లు."

"గవి నాకెట్ల తెలుస్తయయ్యగారూ?"

గడిలోని పాడిబర్రెలను ఆమె పేరుపేరునా పిలిచేది. అందులో ఒకదాని పేరు మహాలక్ష్మి.

"పేరు తెలియని ప్రేతాలకు తిలోదకం విడువడానికి వేరే విధి ఉన్నది," అన్నాను. "పూస పేరిట విడువరాదు. ఆ పేరు గల మనిషి ప్రాణంతో మీ ఎదుటనే ఉన్నది."

"వేరే విధి ఏంటికి? పిలిస్తే పలికేది పూస. పూస పేరు మీదనే పెట్టున్రి. రేపు లగ్గం నాడు వియ్యాలోళ్ళ ముంగట ఇల్లు పలికితే నా ఇజ్జత్ ఏం గావాలె?"

పందిరి వేసిన ఇంట ప్రేతకార్యం చేయరాదు గనుక ఏటి ఇసుకలో, మిట్టమధ్యాహ్నం చేయవలెనని నిశ్చయమైంది.

నేను పెరట్లో కాళ్ళు కడుగుకొంటుండగా ఆ యువతి చెంబుతో నీళ్ళు పోస్తూ, తల వంచుకొనే, మెల్లగా అడిగింది.

"అయ్యగారూ, పిండం పెట్టినంక గా పేరు మల్ల ఎవలికన్న పెడ్తరా?"

"ప్రేతశాంతి చేసిన పేరు పెట్టరాదు బిడ్డా. పెండ్లింట ఆ పేరు పలుకను గూడ పలుకరాదు. పిండం మీద ఉంచిన వస్తువును ముట్టరాదు."

చెంబులోని ధార ఒక్క క్షణం ఆగింది.

"గట్లయితే పూస పేరు మీదనే పెట్టున్రి."

"నీ ఎరుకలో ఉన్నదా నీవడిగేది? బ్రతికినవారి పేరిట పిండం పెడితే ఆయువు క్షీణిస్తుందంటారు."

"ఎవల ఆయువు? పూసది గద. నాది గాదు." ఇటూ అటూ చూసి, చాలాకాలం దాచిన దానిని విప్పినట్లుగా చెప్పింది. "నా పేరు ఐలవ్వ. మా అవ్వ పెట్టింది. నా బిడ్డ పేరు శంకరవ్వ. దాని చెవుల తప్ప యాడ జెప్పలే."

ఒక సందేహం అడుగకుండ ఉండలేకపోయాను. "ఆ గొంతులు నీవు చేస్తున్నవి కావు గద?"

"నేనా!" ఆమె నవ్విన చప్పుడు రాలేదు. "అయ్యగారూ, గడి తలుపు ఎప్పుడు తెరిచే ఉంటది. ఒగపారి బిడ్డ నెత్తుకొని ఏటి దాంక పోయిన. ఎనకనించి దొరసాని 'పూసా' అన్నది. వద్దనుకుంటనే 'ఆఁ బాంచెన్' అన్న. కాళ్ళు అవ్వే ఎనుకకు మర్రినయి. గీ నోరు నాది గాకుంటాయె. ఇప్పుడు నా బదులు వాళ్ళు పలుకుతున్నరు. గందుకే నాకు ఊకునుడు వశమైతున్నది."

వేరే విధితో తిలోదకం విడిస్తే ఆ గొంతులు శాంతించవచ్చును. అప్పుడు ఈమె నోరు మళ్ళీ పలుకుతుంది. పూస పసిదాని మెడకెక్కుతుంది. శాస్త్రం ఒక వైపు, ధర్మం ఒక వైపు నిలిచినప్పుడు పెద్దలు ఏ వైపు నడిచారో నేను చదువుకొన్నవాడను. నడవడమే మిగిలింది.

మధ్యాహ్నం ఇసుక మీద ఎవరి నీడ వారి పాదాల కిందనే అణగి ఉన్నది. దొరసాని పీట వేయించుకొని కూర్చున్నది. అంతయ్య గొడుగు పట్టాడు. ఐలవ్వ కూతురి చేయి పట్టుకొని నీటి అంచున నిలుచున్నది. దిక్కులేనివారికి ఎవరైనను నీళ్ళు విడువవచ్చును గనుక కర్తను నేనే అయి, దర్భలు పరచి, మూడు పిండాలు ఉంచాను.

నువ్వులూ నీళ్ళూ దోసిట పట్టి, "పూస అను పేరు గల ప్రేతమునకు" అన్నాను.

"రామవ్వ," అన్నదొక గొంతు.

ఐలవ్వ పెదవులు బిగించి ఉన్నాయి. ఆ మాట నీటి మీది నుంచి, మనిషి లేని చోటి నుంచి వచ్చింది. రెండవ దోసిలి విడిచాను.

"చంద్రవ్వ."

గాలి లేదు. అయినా దర్భల కొనలు నీటి వైపు వంగాయి. మూడవ దోసిలి విడిచాను. ఈసారి ఆ గొంతులో తడిబట్ట పిండిన చప్పుడున్నది.

"సత్తవ్వ."

గొడుగు కింద పడింది. అంతయ్య ఇసుకలో కూలబడ్డాడు. "సత్తీ... నా చెల్లె అయ్యగారూ. గా అర్రల పలికే గొంతు దీనిదేనా! అర్రల ఏసిన్రని నాకెవ్వలు చెప్పలే. దేశం మీద పోయిందన్నరు."

"గొడుగు పట్టుర," అన్నది దొరసాని. అంతయ్య కదలలేదు.

కాకులు వచ్చి వరుసగా ఇసుక మీద వాలాయి. ఒక్కటీ పిండాన్ని ముట్టలేదు. పోయినవారికి తీరని కోరిక ఉంటే కాకి ముట్టదు. అయినవారు ఆ కోరిక తీరుస్తామని నోరు తెరిచి చెప్పవలె. ఆ సంగతి దొరసానికీ తెలుసు.

"ముడ్తలేవెందుకు? అడుగున్రి అయ్యగారూ, ఏం గావాల్నో అడుగున్రి. చీరెలా? గాజులా?"

ఐలవ్వ ముందుకు వచ్చింది. మెడలోని దారాన్ని పట్టి లాగితే అది తెగలేదు. పళ్ళతో కొరికి తెంపింది. దారం ఒరిసి ఒరిసి నల్లబడిన గీత ఆమె మెడ చుట్టూ, కట్టినట్లే ఉండిపోయింది. పూసను నడిమి పిండం మీద ఉంచి, నీటి వైపు తిరిగి అన్నది.

"అక్కలాలా, ఇనున్రి. శంకరవ్వకు పూస గట్టనియ్య."

"శంకరవ్వ ఎవలే?" అన్నది దొరసాని.

కాకులన్నీ ఒక్కసారే లేచి వచ్చి పిండాల మీద వాలాయి. రెక్కలు తొలగేసరికి దర్భల మీద మెతుకు మిగలలేదు. ఇత్తడి పూస మాత్రం, కడిగి పెట్టినట్లు మెరుస్తూ, అక్కడే ఉన్నది.

"పూసా!" అన్నది దొరసాని. పీట మీది నుంచి లేవడానికి అలవాటుగా చేయి చాచింది. ఎవరో ఒకరు పట్టుకొని లేపకుండ ఆమె ఏనాడూ లేవలేదు. చాచిన చేయి గాలిలో ఉండిపోయింది.

ధాన్యపుటర పలకలేదు. బావి పలకలేదు. ఐలవ్వ గొంతులో ఏదో ఉబికి ఆగడం చూశాను. ఆమె దవడలు బిగుసుకొన్నాయి. అది లోపలికే మళ్ళిపోయింది.

"పూసా! ఇనరావడ్తలేదా? ఎవలన్న గా పూస దీసియ్యున్రి!"

"పూస సచ్చిపోయింది దొరసానీ," అన్నది ఐలవ్వ. "మీరే పిండం పెట్టిచ్చిన్రు. సచ్చినదాని పూస పెండ్లిబిడ్డెంట పంపుతరా? వియ్యాలోళ్ళు ఇంటే గడప తొక్కనిత్తరా?"

"అయ్యగారూ!"

"దానిని ముట్టరాదు," అన్నాను. "ముట్టినవారిని ఆ పేరు పట్టుకొంటుంది. ఏటిలో కలిసిపోనియ్యున్రి."

ఐలవ్వ కూతురిని చంకకెత్తుకొని పడవ వైపు నడిచింది. అంతయ్య లేచి, గొడుగును తీయకుండ, తెడ్డు తీసుకొన్నాడు. "అయ్యగారూ, ధర్మపురి దాంక దిగవెడ్త. నేను సుత మల్ల రాను." నేను పూసను తాకకుండా దర్భలను లాగి నీటిలో విడిచి, వారి వెంట పడవెక్కాను.

పడవ ఒడ్డు విడిచింది. వెనుకకు తిరిగి చూశాను. దొరసాని ఇసుక మీద మోకాళ్ళతో ప్రాకుతున్నది. పుట్టింటి నుంచి వచ్చిన దానిని ఇసుకలో విడిచి పోవడానికి మనసు రాలేదేమో. దర్భలు పరిచిన చోటికి చేరి, పూసను పిడికిట పట్టుకొని లేచి నిలుచున్నది. చేయి పట్టి లేపినవారెవరూ లేరు.

అప్పుడు గడి వైపు నుంచి పిలుపు వచ్చింది. పెండ్లిపందిరి కింద ఎవరూ లేరు. చావడి తలుపులు తెరిచి ఉన్నాయి. మూడు గొంతులు కలిసిన ఒకే గొంతు, అధికారంతో, తీరికగా పిలిచింది.

"పూసా!"

ఇసుక మీద నిలిచిన దొరసాని నోరు తెరుచుకొన్నది. రెండవ చేత్తో మూసుకోబోయింది గాని అందలేదు.

"ఆఁ, బాంచెన్!"

ఆమె కాళ్ళు గడి వైపు తిరిగాయి. అంతయ్య తెడ్డు వేయడం ఆపలేదు. తలెత్తి చూడనూ లేదు. తల్లి భుజం మీద తల పెట్టుకొన్న పసిది మాత్రం ఉలిక్కిపడి లేచింది.

"అవ్వా, పిలుస్తున్నరు."

ఐలవ్వ దాని చెవిని అరచేత మూసింది.

"మనల్ని గాదు, శంకరవ్వా," అన్నది, మేమందరం వినేటంత గట్టిగా.