ఉంటాను

ఎర్రసముద్రంలో ఓడల మీద క్షిపణులు పడుతున్న రోజులవి. ఫణిశ్రీ భర్త మణిశంకర్ సరుకుల ఓడలో సెకండ్ ఇంజనీరు. ఆ దారిన వెళ్లడానికి ఇష్టంలేనివాళ్లు దానికి ముందొచ్చే రేవులోనే దిగిపోవచ్చని కంపెనీ చెప్పింది. దిగిపొమ్మని ఫణిశ్రీ ఫోనులో బతిమాలింది. అవతల నుంచి "ఉంటాను ఫణీ" అని వినబడింది, లైను తెగిపోయింది.

రామచంద్రపురంలో, వంటింట్లో, అత్తగారు వెంకటరత్నమ్మ బీరకాయలు చెక్కు తీస్తోంది.

"ఏమన్నాడే?"

"ఉంటానన్నారండి."

"ఓడలోనా?"

"అదే తెలియట్లేదత్తయ్యా. ఫోను పెట్టేసేటప్పుడూ అదే అంటారు కదా."

"మీ మావగారూ అంతే, సగం మాట మింగేసేవారు. మళ్లీ చెయ్యి."

చాలాసేపటికి గాని లైను కలవలేదు.

"ఇందాక ఉంటానన్నారు. ఫోను పెట్టేయడానికా, ఓడలో ఉండిపోడానికా?"

మణిశంకర్ నవ్వబోయి ఆగాడు. "ఓడలోనే. నేను దిగితే నా పనంతా థర్డ్ ఇంజనీరు మీద పడుతుంది. అతనికింకా కొత్త."

ఫణిశ్రీ వాదించలేదు. వాదిస్తే ఆయన తన భయంతో పాటు ఆమె ఏడుపునీ మోసుకుపోవాలి.

"సరే. అయితే ఈసారి ఉంటానని పెట్టేయకండి. వస్తాననండి."

"వస్తాను," అన్నాడు.

ఆ మాటయ్యాక కూడా ఇద్దరిలో ఎవరూ ఫోను పెట్టలేదు.