షరతుల స్కాలర్‌షిప్

ఆ లా కాలేజీ ఇచ్చే డిగ్రీ పేరులో డాక్టర్ అనే మాట ఉంటుంది. చదివి బయటికొచ్చిన వాణ్ణి డాక్టరని పిలిచే దిక్కు మాత్రం ఉండదు. ఇల్లు కొనుక్కోగలిగినంత ఫీజు గుంజి వాళ్ళు చేతిలో పెట్టేది ఆ ఉత్త మాటే.

రోవీనా ఎట్సిటీ నావహో అనే ఆదివాసీ తెగ పిల్ల. ఎక్కడో పడమట గాలప్ పట్నం దగ్గర వాళ్ళ ఊరు. తల్లి స్కూలు బస్సు నడుపుతుంది. అంత దూరం నుంచి ఒహాయోలోని ఈ కాలేజీకి వచ్చిందంటే, సగం ఫీజు స్కాలర్‌షిప్ ఇస్తామన్నారనే. క్లాసులో పై మూడో వంతులో ఉంటేనే రెండో ఏడూ ఇస్తామని అడుగున చిన్న అక్షరాల్లో రాశారు. ఎప్పుడూ ఫస్టు వచ్చే పిల్ల, అదెంత పని అనుకుంది. చేరాక తెలిసింది, క్లాసులో ముప్పావు మందికి అదే స్కాలర్‌షిప్, అదే షరతు. అంతమంది మూడో వంతులో ఎలా పడతారో ఆ దేవుడికే తెలియాలి.

మొదటి ఏడు తిరిగేసరికి ఆమె స్కాలర్‌షిప్ పోయింది. కాలేజీ ప్రచార పుస్తకంలో ఆమె ముఖం మాత్రం పదిలంగా ఉంది. విద్యార్థుల వివరాల పేజీలో ఆదివాసీల్లో ఒకసారి, ఆడవాళ్ళలో ఒకసారి, ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కినవాళ్ళలో ఒకసారి ఆమెనే లెక్కపెట్టుకున్నారు.

రెండో ఏడు వసంతంలో, సీటొచ్చిన కొత్త పిల్లల్నీ వాళ్ళ తల్లిదండ్రుల్నీ పిలిచి విందు చేశారు. అసోసియేట్ డీన్ పెల్ మైకు పట్టుకుని, "మాది కాలేజీ కాదండీ, కుటుంబం. మన రోవీనా చెబుతుంది వినండి" అన్నాడు.

రోవీనాకి ఒళ్ళు మండింది. తమ ఇంట్లో చివర వచ్చినవాడికి కూడా మటన్ కూర వడ్డిస్తారు. ఇదేం కుటుంబం?

క్లీవ్‌లాండ్ నుంచి కూతురు ఆర్డెల్‌తో వచ్చిన లవర్న్ అనే ఆవిడ లేచింది. "అమ్మాయ్, మా పిల్లకీ సగం ఫీజు ఇస్తామన్నారు. నీకిచ్చారుగా, ఇబ్బంది లేదు కదా?"

"ఇచ్చారండీ. నిరుడు తీసేసుకున్నారు."

"తీసేసుకోవడమేంటి?"

"పై మూడో వంతులో లేనని. నాతో పాటు తీసుకున్నవాళ్ళలో సగానికి పైగా అలాగే పోయింది. ముప్పావు మందికి ఇచ్చి, మూడో వంతుకే ఉంచుతారు."

పెల్ మైకు లాక్కోబోయాడు. "కష్టపడి చదివితే..."

"ఆగవయ్యా, నిన్నడగలేదు" అంది లవర్న్. "అంటే పోతుందని తెలిసే ఇచ్చారా?"

"తెలియదనుకుందామంటే, డీన్ గారు లెక్కల్లో మేటి అంటారండీ."

వెనక వరసలో ఎవరో పగలబడి నవ్వారు. పెల్ చెవులు ఎర్రబడ్డాయి.

మర్నాడు ఆయన గదికి పిలిచి తలుపు మూశాడు. "నీ స్కాలర్‌షిప్ తిరిగి ఇప్పిస్తాను. ఆవిడకి ఫోన్ చేసి, పొరపాటున అన్నానని చెప్పు. అంతే."

రోవీనా వెంటనే కాదనలేకపోయింది. మెడదాకా ఉన్న అప్పులు, బస్సు నడిపి నడిపి వాచిన అమ్మ కాళ్ళు గుర్తొచ్చాయి. ఇలాంటివాడి ముందు ఆశపడుతున్నందుకు తన మీదే అసహ్యం వేసింది.

"నిరుడు ఏడుస్తూ వస్తే డబ్బుల్లేవన్నారు సార్. ఇప్పుడెక్కడివి?"

"ఇది వేరే నిధి."

"అబద్ధాలకి విడిగా నిధి పెట్టారా?"

"మర్యాదగా మాట్లాడు."

"మీరు మాట్లాడిందే మర్యాదైతే, అది నాకొద్దు" అని లేచి వచ్చేసింది.

ఆ సాయంత్రం లవర్న్‌కి ఫోన్ చేసింది, కానీ పెల్ చెప్పమన్నది చెప్పడానికి కాదు. షరతు లేకుండా కాగితం రాసిస్తారేమో అడగమంది. లవర్న్ అడిగింది. కాలేజీవాళ్ళు నీళ్ళు నమిలారు. ఆర్డెల్ ఫీజు తక్కువున్న ప్రభుత్వ కాలేజీలో చేరింది.

రోవీనా ఆఖరిదైన మూడో ఏడు, అనుమతి తీసుకుని తన ఊరివైపున్న ఆల్బుకర్కీలో వేరే కాలేజీలో చదివింది. డిగ్రీ మీద పేరు మాత్రం ఒహాయో కాలేజీవాళ్ళదే. దాన్ని పటం కట్టిస్తానంది తల్లి.

"వద్దమ్మా. రోజూ వాళ్ళ పేరు చూడలేను" అంది రోవీనా. దాన్ని కారు కాగితాలుండే డ్రాయర్లో పడేసి, కోర్టులో మొదటి కేసుకి బయల్దేరింది.