సూది బెజ్జమంత వెలుగు

దుకాణాల బోర్డుల మీద అక్షరాలు రాసే పెయింటర్‌కు ఒకనాడు నిచ్చెన దిగుతుండగా లోకం గిర్రున తిరిగింది. పడలేదు గానీ, ఆ భయం మెడలో తిష్ఠ వేసింది. తల కదిలితే మళ్లీ తిరుగుతుందేమోనని మెడ బిగబట్టాడు. బిగబట్టినకొద్దీ నొప్పి పుట్టింది. నొప్పి పెరిగినకొద్దీ మరింత బిగబట్టాడు. ఎవరు పిలిచినా కొయ్యబొమ్మలా ఒళ్లంతా తిప్పి చూసేవాడు.

ఆసుపత్రిలో చేసిన మొదటి పరీక్షలో ఏ లోపమూ తేలలేదు. దాంతో అతనితో కలిసి పనిచేసే బావమరిది, "బావకి పనంటే మొహం మొత్తింది, అంతే" అనేశాడు. నొప్పికంటే ఆ మాట ఎక్కువ గుచ్చుకుంది. తాను నిజంగానే నటిస్తున్నానేమోనన్న అనుమానం అతనికీ పట్టుకుంది. అదే పరీక్షకు రెండోసారి ఒప్పుకున్నది ఆ సంగతి తేల్చుకోవడానికే.

డాక్టరమ్మ అతన్ని వాలుమంచం మీద పడుకోబెట్టి, వెలుతురు చొరని అద్దాలు తొడిగింది. చెవిలో వెచ్చని నీళ్లు పోస్తే, ఒంటి తూకం చూసుకునే లోపలి భాగం ఉలిక్కిపడి కళ్లు వాటంతటవే అదురుతాయి. అద్దాల్లోని కెమెరా ఆ అదురును తెర మీద చూపిస్తుంది.

"కళ్లు తెరిచే ఉంచండి బాబాయిగారూ. నిద్రపోకుండా రంగుల పేర్లు చెబుతూ ఉండండి."

"అయిపోయింది! రంగుల గురించి ఈయన మొదలుపెడితే ఇక మనం ఇల్లు చేరినట్టే" అంది పక్కన కూర్చున్న భార్య.

నీళ్లు పోసినా తెర మీది గీత పెద్దగా కదల్లేదు. డాక్టరమ్మ కనుబొమలు ముడిచింది. "మీరు దేన్నైనా చూస్తున్నారా?"

"చూడకపోతే ఎలా తల్లీ? ముక్కు పక్కన సూది బెజ్జమంత వెలుగుంది. దాన్నే పట్టుకున్నా. నిచ్చెన ఊగినా చూపు జారకూడదు మాకు. చూపు జారితే అక్షరం జారుతుంది."

"పోయినసారి కూడానా?"

"ఓ! అప్పుడింకా బాగా పట్టుకున్నా."

"కాపీ కొట్టి ఫస్టొచ్చినట్టుంది మీ సంబరం" అంది భార్య.

చూపు ఒకచోట నిలిస్తే ఆ అదురు అణిగిపోతుంది. డాక్టరమ్మ నవ్వుకుంటూ అద్దాల పక్క వెలుగొచ్చే ఆ సందుని దూదితో మూసింది. ఈసారి కుడి చెవిలో నీళ్లు పడగానే మంచం సుడి తిరిగింది. పసుపు దగ్గరే రంగులు ఆగిపోయాయి. అది సర్దుకున్నాక ఎడమ చెవిలో పోస్తే దాదాపు ఏమీ జరగలేదు.

"ఎడమ చెవి మొద్దుబారింది. మీ కళ్లు తిరగడానికి కారణం అదే."

"మరి మెడ?"

"మెడలో దెబ్బేమీ లేదు."

అతని మొహం వాడిపోయింది. "అంటే నొప్పి ఉత్తదేనా?"

"ఉత్తదని ఎవరన్నారు? నొప్పి నిజమే. భయం మీ మెడని రాత్రీ పగలూ కాపలాకి నిలబెట్టింది. అలా కాస్తే ఎవరికైనా ఒళ్లు హూనమవుతుంది కదా! తల కదిపితేనే ఆ చెవి లోటుని సర్దుకోవడం మెదడుకి వస్తుంది. మీరు దాన్ని నేర్చుకోనివ్వడం లేదు."

'క' అని రాసిన ఒక అట్టముక్కను ఆమె అతని కళ్లకెదురుగా పట్టుకుంది. చూపు అక్షరం మీదే నిలిపి, తల అటూ ఇటూ తిప్పాలి.

"ఎవరు రాశారమ్మా ఇది? తలకట్టు పక్కకి ఒరిగింది."

"తలకట్టయినా ఒరిగింది, ముందు మీ తల కదపండి" అంది భార్య.

కదిపాడు. అక్షరం వణికింది, మెడ లాగింది. ఆగి, మళ్లీ కదిపాడు.

ఇంటికి రాగానే సొంత 'క' ఒకటి ఎర్రగా రాసుకున్నాడు. సాధన సాగుతుండగా ఒక ఉదయం తాము బోర్డులు రాసే దుకాణంలో ఎడమవైపు నుంచి "బావా!" అన్న పిలుపు వినిపించింది. అతను తల ఒక్కటే తిప్పాడు. నొప్పి కలుక్కుమంది, కానీ అది ఎందుకొచ్చిందో ఇప్పుడు తెలుసు.

బావమరిది ఆ మెడ వంకే చూస్తూ గొంతు తగ్గించాడు. "మరి నిచ్చెన ఎప్పుడెక్కుతావు?"

"కింది వరుస ఇవాళ నేను రాస్తా. పై వరుసకి నన్ను కొన్నాళ్లు ఆగనివ్వు" అని పెయింటర్ కుంచె తడిపాడు.