బోర్లించిన అద్దం

బొమ్మ మారిపోయింది.

మానిటర్ మీద చెల్లెలి వేషం వేసిన అమ్మాయి ముఖం నిక్షేపంగా ఉంది. వెనక ఆసుపత్రి వరండా ఉంది, దాన్ని ఆనుకుని చెట్లున్నాయి. లేనిదల్లా నిన్నటి సుడి. ఆకులు పద్ధతిగా, బుద్ధిగా, ఎక్కడివక్కడ నిలబడి ఉన్నాయి.

కెమెరా అక్క మానిటర్ మీదికి వంగి చూసింది. యూనిట్‌లో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. కెమెరా బాధ్యత పూర్తిగా తన చేతికి వచ్చిన మొదటి సినిమా ఇది. అందులో ఆయువుపట్టులాంటి షాట్ ఇది.

సినిమా కథలో, కంటి ఆపరేషన్ అయ్యాక కట్టు విప్పిన అక్కకు మొదట కనబడేది చెల్లెలి ముఖం. ఆ ముఖం ఒక్కటే తేటగా ఉండాలి. చుట్టూ లోకం ఇంకా కుదురుకోక గిర్రున తిరుగుతుండాలి. కంప్యూటర్లో చేయించి చూశారు. అద్దానికి ఎవరో వెన్న పూసినట్టు వచ్చింది. నిన్న టెస్టు షాట్‌లో మాత్రం, ఒక పాత సోవియట్ లెన్స్‌లోంచి, దర్శకుడు ఊపిరి బిగబట్టి చూసే బొమ్మ వచ్చింది.

అదే లెన్స్. అదే చెట్టు. అదే వెలుతురు. బొమ్మ మాత్రం వేరు.

"ఇదేంటమ్మా? నిన్న చూపించింది ఇదేనా?" అన్నాడు దర్శకుడు.

"లెన్స్ అదే సార్. ఏదో తేడా వచ్చింది. కనుక్కుంటాను."

"కనుక్కో. భోజనాల లోపు కనుక్కో." ఆయన మూలనున్న నల్ల పెట్టె వైపు వేలు చూపించాడు. అద్దెకు తెచ్చిన కొత్త లెన్స్‌లవి. "లేదంటే అవి బిగిస్తాం. అవి బిగించడానికి నా పాత కెమెరామన్ కూడా ఖాళీగానే ఉన్నాడు. మిగతా సినిమా అంతా ఆయనే చూసుకుంటాడు. నొచ్చుకోకు."

నొచ్చుకునే తీరిక ఆమెకు లేదు. లెన్స్‌ను సంచిలో వేసుకుని రోడ్డెక్కింది.

ఆ లెన్స్ మేనమామది. కెమెరాలు బాగుచేయడమే ఆయన వృత్తి. కళ్ళజోళ్ళ దుకాణం మీది గదిలో, కిటికీ పక్కన బల్ల, బల్ల కింద రేకుపెట్టె. వారం కిందట సందె వేళ ఆ పెట్టె తెరిచి, గుడ్డ పరిచి, లెన్స్‌లను ఒక్కొక్కటే పైకి తీశాడు. తన పిల్లల్ని పరిచయం చేస్తున్నంత మురిపెం.

"ఇది జూపిటర్. మహా మర్యాదస్తుడు. మొహం మీద మచ్చ చూసినా చూడనట్టు ఊరుకుంటాడు. ఇది ఇండస్టార్. దీని కంటిరెప్ప, అదే వెలుతురు తగ్గించే రేకులు, సగం మూసి దూరపు దీపాలు చూడు, ఒక్కోటీ చుక్క ఆకారంలో కనబడుతుంది."

ఆమె చూసింది. నిజమే. కిటికీ అవతల వీధి దీపాలన్నీ కోణాలు తేలి చుక్కలైపోయాయి. చేతిలో లెన్స్ ఇనుప ముక్కలా బరువు, అంచుల్లో పెయింటు లేచిపోయింది, రింగు తిప్పితే గట్టి తేనెలో గరిట తిప్పినట్టు కదులుతోంది. కొత్త లెన్స్‌లకు తప్పులుండవు. వీటికి తప్పులే గుణాలు. ఏ రెండూ ఒకే మాట చెప్పవు.

ఆఖరున రెండు హీలియోస్ లెన్స్‌లు తీశాడు. మొదటి దాంట్లో మామయ్య వెనక, కిటికీ బయటి ఆకులు కొంచెం వంగాయి. రెండో దాంట్లో ఏకంగా సుడిగుండంలో పడ్డాయి. నడిమధ్యన మామయ్య ముఖం, ఒక్కో వెంట్రుకా లెక్కపెట్టొచ్చు. దాన్ని దాటి నాలుగు వేళ్ళు పక్కకు వెళ్తే అంతా కరిగిపోయింది.

"మామయ్యా, ఇదే!"

"రెండూ ఒక తల్లి బిడ్డలేనే కోడలా. ఏదైతేనేం?"

"కాదు, ఇదే."

టెస్టు అయ్యాక, సినిమా కెమెరాకు కదలకుండా పట్టే రింగు బిగించిపెట్టమని నిన్న సాయంత్రం లెన్స్‌ను ఆయనకే ఇచ్చింది. పొద్దున తీసుకుంది. అంటే, ఏం జరిగినా ఆ బల్ల మీదే జరిగింది.

మెట్లు రెండేసి ఎక్కి గదిలో పడింది. మామయ్య భూతద్దం పైకి తోసుకుని నవ్వాడు.

"ఎలా వచ్చింది బొమ్మ? తళతళలాడిందా?"

"తళతళలాడింది. నా ఉద్యోగం ఊడేలా ఉంది. రింగు బిగించి ఊరుకున్నావా, ఇంకేమైనా చేశావా?"

"ఊరుకుంటానా? మేనకోడలి మొదటి సినిమా! మొత్తం విప్పి తుడిచా." ఆయన గొంతు తగ్గించాడు. "విప్పా కాబట్టి సరిపోయింది. ఎవడో తలమాసినవాడు ముందు అద్దాన్ని బోర్లించి బిగించాడే! లోపలుండాల్సిన వైపు బయటికి పెట్టాడు. ఇన్నేళ్ళు పెట్టెలో పెట్టుకుని నేనూ కనిపెట్టలేదు. సరిచేసి ఇచ్చా."

కెమెరా అక్క సంచిలోంచి లెన్స్ తీసి బల్ల మీద పెట్టింది. ఆ సుడి అంతా ఆ బోర్లించిన అద్దంలోదే.

"మామయ్యా, మళ్ళీ బోర్లించు."

"ఏమిటీ?"

"అద్దాన్ని. మళ్ళీ తప్పుగా పెట్టు."

"నీకు మతి గానీ పోయిందా? ముప్పై ఏళ్ళుగా తప్పులు దిద్దిన చేతులివి. వీటితో చెడగొట్టమంటావా? నా వల్ల కాదు. మీ అమ్మ వచ్చి చెప్పినా కాదు."

ఆమె ఫోన్‌లో నిన్నటి టెస్టు షాట్ పెట్టి ఆయన ముందుంచింది.

మామయ్య మొదట ముక్కు ఎగబీల్చాడు. తర్వాత ఫోన్‌ను దగ్గరికి లాక్కున్నాడు. ఒక ముఖం. ఆ ముఖం చుట్టూ, ఇంకా పేర్లు పెట్టని లోకం. ఆకులో వెలుతురో తెలియనిదేదో మెల్లగా తిరుగుతోంది. షాట్ అయిపోయినా ఆయన చూపు తిప్పలేదు. తనంతట తానే మళ్ళీ మొదటి నుంచి పెట్టుకున్నాడు.

"ఇది నా పెట్టెలోంచే వచ్చిందా?" అన్నాడు.

లెన్స్‌ను చేతిలోకి తీసుకున్నాడు. రబ్బరు బిరడాతో ముందు రింగు తిప్పి ఊడదీశాడు. గాజును పీల్చి పట్టుకునే రబ్బరు పిడితో అద్దాన్ని లేపి, ఒక్క క్షణం గాల్లో ఆపి, కళ్ళు మూసుకుని మందు మింగేవాడిలా బోర్లించాడు. రింగు బిగించి చెవి దగ్గర ఊపాడు. లోపల అద్దం టకటకలాడింది.

"వదులుగా ఉంది. ఇలా అయితే కెమెరా కదిలినప్పుడల్లా బొమ్మ ఎగురుతుంది. మరి ముందు ఎలా నిలిచింది?" ఆయన చెయ్యి ఆగిపోయింది. "నల్ల కాగితం! విప్పినప్పుడు సన్నటి చుట్ట ఒకటి రాలింది. చెత్త అనుకుని..."

ఇద్దరూ బల్ల కింద డబ్బా మీద పడ్డారు. పత్తి ఉండలు, విరిగిన స్ప్రింగులు, తుడిచిన గుడ్డ పీలికలు. వాటి అడుగున ఆమెకు దొరికింది: చేతి గాజులా గుండ్రంగా కత్తిరించిన నల్ల కాగితం. ఎక్కడా వంకర లేదు.

మామయ్య దాన్ని పట్టకారుతో ఎత్తి కిటికీ వెలుతురులో తిప్పాడు.

"పొరపాటున బోర్లించినవాడికి కాగితంతో పనేముందే?" అన్నాడు మెల్లగా. "కావాలనే చేశాడు. ఎంత కొలత! ఎంత చెయ్యి! నేను నిన్నటి నుంచీ తిట్టింది ఈ మహానుభావుణ్ణా?"

ఈసారి అద్దం బోర్లించేటప్పుడు ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి. కాగితాన్ని దాని చోట కూర్చోబెట్టి రింగు బిగించాడు. ఊపి చూశాడు. చప్పుడు లేదు. కిటికీ వైపు పెట్టి చూసి, లెన్స్‌ను ఆమెకివ్వకుండా తన చేతిరుమాల్లో చుట్టుకుని చెప్పులేసుకున్నాడు.

"నువ్వెక్కడికి?"

"నేనూ వస్తా. నా చేతులేం చేశాయో నేను చూడొద్దా?"

వాళ్ళు వెళ్ళేసరికి వరండాలో పాత కెమెరామన్ నల్ల పెట్టె మూత తీస్తున్నాడు. కెమెరా అక్క మామయ్య చేతిరుమాలు విప్పింది. లెన్స్ తగిలించింది. ఫోకస్ రింగు మీద వేలు పెట్టింది. చెల్లెలి కళ్ళు తేటపడ్డాయి. వెనక చెట్లన్నీ ఒక్కసారిగా తిరగడం మొదలుపెట్టాయి.

మానిటర్ చుట్టూ జనం మూగారు. పాత కెమెరామన్ వచ్చి వంగి చూసి, "ఇదెక్కడిది?" అన్నాడు. అందులో ఈర్ష్య లేదు, ఆకలి ఉంది.

దర్శకుడు షాట్ పూర్తయ్యేదాకా కదల్లేదు. అయ్యాక, "ఆ నల్ల పెట్టె వెనక్కి పంపేయండి" అని కేకేసి మామయ్య వైపు తిరిగాడు. "గంటలో ఇంత మార్పా! ఏం రిపేరు చేశారండీ?"

మామయ్య కళ్ళు ఇంకా మానిటర్ మీదే ఉన్నాయి.

"రిపేరు కాదు బాబూ. చెడగొట్టాను," అన్నాడు. "అది కూడా నా తెలివి కాదు. నాకంటే ముందు ఎవరో చాలా బాగా చెడగొట్టారు."