జత కుదిరిన డిస్కులు

అప్పాజీ గారు ఎంచిన ఎడ్ల జతకి వంక పెట్టినవాడు మండపేట చుట్టుపక్కల లేడు. ట్రాక్టర్లొచ్చి దుక్కిటెడ్లు పోయినా, పరుగు పందేలు మిగిలాయి కనక ఆయన పేరు నిలబడింది. పళ్ళు చూసి, ఒంటి మీద సుడులు చూసి, మూపు మీద తట్టి, "దీనికి ఈడైంది ఫలానా ఊళ్ళో ఫలానావాళ్ళ పశువుల మకాంలో ఉంది, పట్టుకురండి" అనేవారు. తెచ్చి పక్కన నిలబెడితే ఒకే ఎద్దుని అద్దంలో చూసినట్టుండేది.

ఆయనకి రెండో పిచ్చి కెమెరా. ఇరవై ఏళ్ళుగా ఏ ఊళ్ళో ఎడ్ల పందెం జరిగినా స్టాండు భుజాన వేసుకుని వెళ్ళడం, ఆఖరి గీత పక్కన పాతేసి మొత్తం తీసుకురావడం. ఎవరి బండి ముందు దాటిందని తగువొస్తే రెండు పార్టీలూ ఆయన అరుగెక్కాల్సిందే. ఆయన కంప్యూటర్లో బొమ్మ ఆపి వేలు పెట్టి చూపించేవారు. ఆ వేలికి అప్పీలు లేదు. కాఫీలు కలపలేక ఆయన భార్య రామలక్ష్మి గారు "ఏవండీ, జడ్జీలకి బంట్రోతులుంటారట, మీకు నేనే బంట్రోతునా?" అని సాధించేవారు.

ఆ వీడియోలన్నీ ఒక ఎత్తు, పదకొండేళ్ళ కిందటి మా ఊరి పందెం ఒక్కటీ ఒక ఎత్తు. ఆ ఏడు అప్పాజీ గారి జతా, ఆయనకి వరసకి బావా పందేల్లో పోటీదారూ అయిన చంద్రరావు గారి జతా పక్కపక్కనే గీత దాటాయి. జడ్జీ కళ్ళు నులుముకుని "సమానం" అనేశాడు. వీడియోలో మాత్రం అప్పాజీ గారి ఎడం పక్క దాపటెద్దు మూతి ముందు దాటింది. అప్పట్నుంచి చంద్రరావు గారు కాలవ గట్టు మీద మీసం దువ్వినప్పుడల్లా అప్పాజీ గారు, అది బయటివాళ్ళకి వేసి చూపించకుండానే, ఒకే మాట అనేవారు. "వీడియో ఉంది." అంతే, మీసం మీంచి చెయ్యి దిగిపోయేది. ఊళ్ళో అప్పాజీ గారి మర్యాదంతా ఆ రెండు మాటల మీద నడిచింది.

కిందటేడు వానాకాలంలో ఆ కంప్యూటర్లోంచి కటకటమని చప్పుడు మొదలైంది. కూతురి కూతురు హారతి తాతగారింట్లోనే ఉండి, రోజూ బస్సులో రాజమండ్రి వెళ్ళి ఇంజనీరింగ్ చదువుతోంది. చెవి పెట్టి విని, "తాతయ్యా, దీని పనైపోయింది. ఇరవై ఏళ్ళ వీడియోలూ ఒక్క పాత డిస్కులో పెట్టుకుని కూర్చున్నావు. ఏదో ఒకరోజు అన్నీ పోతాయి" అంది.

"అన్నీనా? మన పందెం కూడానా?"

"అది మాత్రం ఆగి తర్వాత పోతుందేంటి?"

"ఇంటర్నెట్‌లో దాచేద్దాం" అంటే ఆయన ఒప్పుకోలేదు. "నా గొడ్లని ఎవడి మకాంలోనో కట్టేసి, చూడ్డానికి వాణ్ణి అడగాలా?" యూట్యూబ్‌లో పెట్టేద్దామంటే అసలు ఒప్పుకోలేదు. అందరి ఫోనుల్లోనూ ఉంటే తన అరుగెవడెక్కుతాడు?

అప్పుడు హారతి ఇంట్లోనే స్టోరేజీ సర్వర్ కడదామంది. తాతకి ఇంగ్లీషు మాటలు ఎందుకులే అని తేలిక తెలుగులో చెప్పింది. "ఒక డబ్బాలో రెండు డిస్కులుంటాయి తాతయ్యా. ఒకదాంట్లో పడిందల్లా రెండోదాంట్లోనూ పడుతుంది. రెండూ జతగా పనిచేస్తాయి."

"జతా?" అన్నారు అప్పాజీ గారు. ఆయన కళ్ళలో వెలుగు చూసి హారతి సంతోషించింది. అక్కడే తప్పు జరిగిపోయిందని ఆ పిల్లకి అప్పుడు తెలీదు.

ఇద్దరూ రాజమండ్రిలో ఉదయభాస్కర్ కంప్యూటర్ల కొట్టుకి వెళ్ళారు. హారతి చేతిలో కాగితం, అప్పాజీ గారి చేతిలో కర్ర. హారతి ముద్దుగా ఉన్న చిన్న క్యాబినెట్ చూపించింది.

"ఇందులో రెండు గొడ్లకి ఊపిరాడుతుందా? మకాం అన్నాక అటూ ఇటూ గాలాడాలి" అన్నారాయన.

"కరెక్టేనండి బాబాయిగారూ. డిస్కులు వేడెక్కితే తొందరగా పోతాయండి" అని ఉదయభాస్కర్ ముందు రెండు ఫ్యాన్లున్న పెద్ద క్యాబినెట్ దించాడు. తర్వాత అమ్ముడుపోని సరుకేమో, గేములాడుకునే ఖరీదైన ప్రాసెసర్ ఒకటి కూడా దించాడు.

"రోజంతా కట్టేసుండే దానికి అంత పొగరెందుకు బాబూ? తక్కువ మేసి నిలకడగా ఉండేది ఇయ్యి."

హారతి కాగితం చూసుకుంది. అక్కడ తను రాసుకున్నదీ తక్కువ కరెంటు తినే ప్రాసెసరే. పవర్ సప్లై దగ్గరికొచ్చేసరికి ఆ పిల్లే కొంచెం చవకది తీసుకుందామంది. ఆయన ఊరుకోలేదు. "మేత దగ్గర కక్కుర్తి పడితే గొడ్డు నడిబజారులో కూలబడుద్ది. మంచి కంపెనీది తియ్యి. కరెంటు పోతే తట్టుకునే ఆ యూపీఎస్ కూడా పెట్టించు."

"మీరు ఇదివరకు ఎక్కడన్నా కట్టారాండి?" అన్నాడు ఉదయభాస్కర్ నిజంగానే.

"యాభై ఏళ్ళుగా కడతన్నాను" అన్నారు అప్పాజీ గారు.

హారతి ఇంజనీరింగ్ చదువుకి ఆ కొట్టులో విలువ లేకుండా పోయింది. ఇంక డిస్కుల వంతొచ్చింది. ఉదయభాస్కర్ రెండు తెచ్చి బల్ల మీద పెట్టాడు. అప్పాజీ గారు కళ్ళజోడు తుడుచుకుని ఒకదాన్ని వెనక్కి తిప్పి బంగారు రంగు పిన్నులు చూశారు. "పళ్ళు బావున్నాయి." చెవి దగ్గర పెట్టుకుని, "దీని సుడి ఎక్కడుంటదమ్మా?" అనడిగారు.

"లోపలుంటుంది తాతయ్యా. గిర్రున తిరుగుతూ ఉంటుంది."

"తిరిగే సుడా! చాలా మంచిది." తర్వాత లేబుల్ చదివారు. ఒకటి మార్చిలో తయారైంది, రెండోది జూన్‌లో. ఆయన మొహం మాడిపోయింది. "ఏంటయ్యా ఇది? మూడు నెలలు తేడా. ఈడు కలవకపోతే జతేంటి? ఒకటి లాగుతుంటే రెండోది ఈడుస్తది."

హారతి అడ్డు తగిలింది. "తాతయ్యా, తేడా ఉంటేనే మంచిది. అసలు వేరే వేరే కొట్లలో కొనమంటారు. ఒకే రోజు ఒకే చోట తయారైనవైతే, ఒకటి చచ్చినప్పుడే రెండోది కూడా చ..."

"హారతీ!" కర్ర నేలకి తగిలింది. "శుభమా అని కొంటుంటే చావు మాటలేంటి? గొడ్డుని బేరమాడేటప్పుడు అలాంటి మాటొస్తే బేరం వదిలేసి లేచిపోతారు తెలుసా?"

ఉదయభాస్కర్ కూడా చటుక్కున గోడ మీది దేవుడి పటం వంక చూశాడు. మూడు అట్టపెట్టెలు విప్పించాక అప్పాజీ గారికి కావలసింది దొరికింది. ఒకే తేదీ. సీరియల్ నంబర్లు వరసగా ఒకటి చివర నాలుగు, ఇంకోటి చివర అయిదు. "ఒకే తల్లి బిడ్డలు. నాలుగు వెనకే అయిదు. నా జన్మలో ఇలాంటి జతని చూళ్ళేదు" అన్నారు.

ఇంటికొచ్చాక రామలక్ష్మి గారు రెండిటికీ పసుపు బొట్లు పెడితే, హారతి పిన్నుల మీద పడకుండా చెయ్యి అడ్డం పెట్టింది. వీడియోలన్నీ ఎక్కించారు. మర్నాడే అప్పాజీ గారు పాత డిస్కుని గుళ్ళో సీసీ కెమెరాల డబ్బాలో పెట్టుకోమని ఇచ్చేశారు. కొన్నాళ్ళు ఉంచుకోమని హారతి బతిమాలింది. "కొత్త జత వచ్చాక ముసలిదాన్ని మకాంలో ఉంచితే చూసేవాడికి ఏమనిపిస్తది?" అన్నారు. పది రోజుల్లో ఆ పందేల మీద గుడికొచ్చేపోయేవాళ్ళ బొమ్మలు పడిపోయాయి.

ఉగాది వెళ్ళింది. పందేలు పెట్టి పాతికేళ్ళైందని, ఊళ్ళో మేటి ఎడ్ల ఆసామికి శాలువా కప్పాలని కమిటీ తీర్మానించింది. లెక్క చూస్తే గెలుపులు అప్పాజీ గారికీ చంద్రరావు గారికీ చెరి సమానం. మధ్యలో ఉన్నదల్లా ఆ "సమానం" పందెమే. కమిటీ ప్రెసిడెంటు చిట్టియ్య వచ్చి, "వచ్చే ఆదివారం వీడియో తెచ్చి తెర మీద వేయండి అప్పాజీ గారూ. మూతి ముందుంటే శాలువా మీదే. చంద్రరావు గారు కూడా ఒప్పుకున్నారు" అన్నాడు.

"పదకొండేళ్ళ నుంచీ ఈ మాట కోసమే ఉన్నాను" అన్నారు అప్పాజీ గారు.

బుధవారం పొద్దున్న డబ్బా మీద ఎర్రలైటు వెలిగింది. చివర నాలుగు ఉన్న డిస్కు పోయింది. హారతి కంగారు పడలేదు. "రెండోదాంట్లో అంతా ఉంది తాతయ్యా, ఇందుకేగా రెండు పెట్టింది" అని బస్సెక్కి కొత్త డిస్కు తెచ్చి తగిలించింది. అయిదో నంబరు దాంట్లోంచి కొత్తదాంట్లోకి కాపీ మొదలైంది. నూటికి పదకొండు వంతులయ్యాయి. పన్నెండు కాలేదు. కటకట, తర్వాత కీచుమని ఒక చప్పుడు, తర్వాత ఏమీ లేదు.

హారతి డబ్బా స్విచ్చి ఆపేసి ఏడుపు గొంతుతో చెప్పింది. "ఒకే రోజు పుట్టాయి, ఒకేలా తిరిగాయి, ఒకేలా అరిగాయి తాతయ్యా. కొట్టులో చెప్పబోయాను."

"జత అన్నావు కదే."

"నీకు అర్థమవుతుందని అన్నాను."

"స్టెపినీ అనుంటే అర్థమయ్యేది కదే! టైరూ, స్టెపినీ ఒకే రోజు పేలిపోయేలా ఎవడైనా కొంటాడా? జత అన్నావు, జతని తెచ్చాను."

రెండు డిస్కుల్నీ బాగుచేసేవాళ్ళకి పంపారు. లోపల తిరిగే పళ్ళాలు గీసుకుపోయాయి, ఏమీ రాదని శనివారం ఫోనొచ్చింది. డబ్బా పాడైందని నెమ్మదిగా చెప్పి వాయిదా అడగమని రామలక్ష్మి గారు సలహా ఇచ్చారు. డబ్బాకి లైట్లు వెలిగించి, వీడియో లోపలే ఉందని వేలు పెట్టి చూపిస్తే చాలు, ఎవడికి తెలుస్తుందని కూడా అన్నారు.

"నా వేలు చూసి తగువులు వదులుకున్నార్రా ఇంతమంది. ఇప్పుడు ఆ వేలితో అబద్ధం చూపించనా?" అన్నారాయన. కోపంలో భార్యని రా అనేశానని కూడా చూసుకోలేదు.

ఆదివారం కమిటీ ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పారు. "నేను చూశానండి, తాతయ్య ఎద్దే ముందుంది" అని హారతి అంది గానీ ఇంట్లోవాళ్ళ సాక్ష్యం చెల్లదని చిట్టియ్య నొచ్చుకుంటూనే చెప్పాడు. చంద్రరావు గారికి ఇద్దరు సాక్షులున్నారు. ఇద్దరూ ఆయన బావమరుదులు. బావమరిది ఇంట్లోవాడు కాదని కమిటీ తేల్చింది.

పోయిన డిస్కుల సీరియల్ నంబర్లున్న బిల్లు చంద్రరావు గారు చేతిలోకి తీసుకుని చూశారు. నాలుగు, అయిదు. "ఎంత జత బావా!" అన్నారు, వేళాకోళం కాదు. "నేనైనా ఇదే కొందును." ఆ ఒక్క మాటా అప్పాజీ గారికి మిగిలింది.

పందేల రోజు అప్పాజీ గారు రారనుకున్నారంతా. తెల్లారేసరికి స్టాండు గీత పక్కన పాతి ఉంది. పరుగులన్నీ తీశారు. పొద్దు వాలాక కెమెరాని స్టేజీ వైపు తిప్పారు. చంద్రరావు గారికి శాలువా కప్పడం, మెడలో దండ, మైకు పట్టుకుని ఆ నాటి పందెంలో తన ఎడ్లు బారెడు ముందు దాటాయని చెప్పడం అన్నీ తీశారు.

ఇంట్లో హారతి సర్వర్‌ని మళ్ళీ నిలబెట్టింది. ఈసారి ఒక డిస్కు రాజమండ్రిది, ఒకటి కాకినాడది. కంపెనీలు వేరు, నెలలు వేరు, ఆఖరికి లేబుల్ రంగులు కూడా వేరు. అప్పాజీ గారు వాటి వంక చూసి మొహం తిప్పుకున్నారు. "బజార్లో తిప్పితే పిల్లలు రాళ్ళేస్తారు ఈ జతని."

వీడియో కాపీ అయింది. శాలువా ముక్క దగ్గర హారతి ఆగి, "ఇది తీసేయనా తాతయ్యా?" అంది.

"జరిగింది జరిగినట్టే ఉండాలి. రెండింట్లోనూ పడిందా?"

"పడింది. రోజూ రాత్రి దానంతటదే సరిచూసుకుంటుంది. ఒకటి పోయినా రెండోది ఉంటుంది. ఇల్లు తగలబడినా ఉండాలని మూడో కాపీ హాస్టల్లో మా ఫ్రెండు దగ్గర పెట్టాను."

"అంటే ఇది ఇంక పోయే దారే లేదా?"

"లేదు తాతయ్యా" అంది హారతి గర్వంగా.

వీధి తలుపు చప్పుడైంది. చంద్రరావు గారు శాలువా మడత నలక్కుండా చంకలో పెట్టుకుని అరుగెక్కారు. "బావా, నేను స్టేజీ మీద ఎలా ఉన్నానో నేను చూసుకోలేదు. ఒకసారి వెయ్యి."

రామలక్ష్మి గారు కాఫీ పెట్టడానికి లేచారు. అప్పాజీ గారు కుర్చీ ఆయన వైపు జరిపి, మౌసు చేతిలోకి తీసుకున్నారు.