ఊదారంగు పీచు

గోపాలస్వామి మీద పంకజానికి ఉన్న ఫిర్యాదు ఒక్కటే: మనిషికి తాగుడు లేదు, పేకాట లేదు, కనీసం రాజకీయాలైనా లేవు. అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేటులో రిటైరైన మర్నాటినుంచి ఆయనకు భూమిని కాపాడే జబ్బు పట్టుకుంది. మోకాళ్ల నొప్పని మిద్దె మెట్లయినా ఎక్కని మనిషి, భూమిని మాత్రం పెళ్లాం కుట్టుమిషను దగ్గర్నుంచి కాపాడటం మొదలుపెట్టాడు.

ఆమె కుట్టే ప్రతి గుడ్డకీ విచారణే. నూలా? అది ఎన్ని బిందెల నీళ్లు తాగి పెరిగిందో లెక్క చెప్పాలి. పట్టా? పురుగుల్ని ఉడకబెట్టిన పాపం. విస్కోస్ మెత్తగానే ఉంటుంది గానీ, దానికోసం ఎక్కడో చెట్లు కూలి ఉంటాయి. చివరికి ప్లాస్టిక్ సీసాలు కరిగించి నేసిన ఊదారంగు గుడ్డ ఒక తాను మోసుకొచ్చాడు. పిల్లి వీపులాగా నూగునూగుగా ఉంది.

"సముద్రంలోకి పోవాల్సిన సీసాలు పంకజం! ఇప్పుడు ఈడ, మనింట్లో ఉండాయి."

"సముద్రానిదే అదృష్టం," అంది పంకజం.

పంకజం కెమిస్ట్రీ చదివిన మనిషి. ఉతికినప్పుడల్లా ఈ గుడ్డ పీచు రాల్చి, ఏ సముద్రంలోకి పోకూడదని ఆయన కొన్నాడో తిరిగి అక్కడికే చేరుతుందని ఆమెకు తెలుసు. చెప్పలేదు. నైటీలు, దుప్పట్లు, దిండు గలీబులు, పరదాలు, అన్నీ కుట్టేసింది.

తుంటి ఎముక విరిగి మంచం మీదున్న అత్త అలివేలుమంగ మాత్రం ఊరుకోలేదు. "ఈ దుప్పటి రాలతా ఉండాది కదే! నోట్లోకి వస్తా ఉండాది పీచు."

"భూమి కోసం రవ్వంత మింగండత్తా."

ఆయుధపూజ నాడు మిద్దె మీది బట్టలుతికే మిషనుకు గంధం, కుంకుమ పెట్టడానికి పంకజం పైకెళ్లింది. మిషను నీళ్లు, వాన నీళ్లు పోయేది ఒకటే తూము. దాని జల్లెడ మీద ఊదారంగు పీచు ఊతప్పమంత మందాన పేరుకుని ఉంది. వంగి చేత్తో లాగితే వచ్చేసేదే. లాగలేదు. ఆయనే పైకి రావాలి, ఆయనే చూడాలి. అప్పుడు పక్కన నిలబడి అనాల్సిన ఎత్తిపొడుపు మాట ఒకటి ఆమెకు అక్కడే తట్టింది. మంచి మాట. దాన్ని కొంగున ముడేసుకుని కిందికి దిగింది.

వానలు పట్టుకున్నాయి. అత్త మంచానికి సరిగ్గా పైన, కప్పుమీద వడియమంత చెమ్మ కనిపించింది. రెండోనాటికి పళ్లెమంత అయింది. గోపాలస్వామి కింద కుర్చీలో కూర్చునే మేస్త్రీని తిట్టాడు, తర్వాత పక్కింటి వాళ్ల ట్యాంకును తిట్టాడు. పంకజం మిద్దె మీద చీలమండ లోతు నీళ్లలో నడిచి బట్టలు తెచ్చుకుంటూ, 'రేపైనా వస్తాడు' అనుకుంది. దుప్పటి మీద ఇసక రాలుతోంది. రోజూ దులుపుతోంది. ఆ మాట మరీ బాగుంది, వదలబుద్ధి కాలేదు.

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికే చీకటి పడినట్టయింది. వాన ఆగకుండా కొడుతోంది. కప్పులోంచి తుప్పునీళ్లు బొట్టు బొట్టుగా దిండు మీద పడుతున్నాయి.

"ఏమే పంకజం," అంది అలివేలుమంగ, కప్పుకేసి చూస్తూ. "పైన ఎవరో నడస్తా ఉండారే."

పైన ఎవరూ లేరు. పంకజం చెవులు రిక్కించింది. టక్. మళ్లీ టక్. చెమ్మ మధ్యలో సున్నం పొట్టలాగా ఉబ్బి ఉంది. పొద్దున అది లేదు.

"ఏమండీ! మంచం పట్టండి!"

"ఏమైందిప్పుడు..."

"పట్టండి ముందు!"

మంచం కాలు కింద పరిచిన గోనెపట్టాలో చిక్కుకుంది. ముసలమ్మ నొప్పికి కేకపెట్టింది. పంకజం కాలితో పట్టాను తన్ని, మంచాన్ని గుమ్మందాకా ఈడ్చింది. వాళ్ల వెనకాల గది మొత్తం అదిరింది. గుమ్మడికాయంత పెచ్చు, ఇందాక దిండున్న చోట నేలకు కొట్టుకుని ముక్కలైంది. కప్పులో తుప్పు పట్టిన కమ్మీలు పక్కటెముకల్లాగా కనబడుతున్నాయి. ఫ్యాను ఊగుతోంది.

గోపాలస్వామి మోకాళ్ల సంగతి మరిచిపోయి, వానలోనే మిద్దెక్కాడు. పైన గుళగుళమని నీళ్లు దిగిన చప్పుడు వినిపించింది. తిరిగొచ్చినప్పుడు రెండు చేతుల్లోనూ నీళ్లోడుతున్న ఊదారంగు ముద్ద, మునిగి చచ్చిన పిల్లిపిల్లలాగా.

"ఇది మన గుడ్డే పంకజం," అన్నాడు. "నేను తెచ్చిన గుడ్డే. నాదే..."

దాచుకున్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అత్త తల నిండా సున్నపు పొడి. ఆ ముసలి చెయ్యి ఇంకా తన మణికట్టును వదల్లేదు.

"మీది కాదు," అంది పంకజం. "ఆయుధపూజ నాడే చూశాను దీన్ని. మీరే పైకొచ్చి చూడాలని, చూసి నోరు మూసుకోవాలని, తియ్యకుండా వచ్చేశాను. తప్పు నాదండీ. అత్తా, తప్పు నాదే."